ఎడమచేతి బీడీలు

మొన్న టీవీలో ఎక్కడిదో యుద్ధం, మూటలు పట్టుకుని విమానం కోసం నిలబడ్డ జనం కనిపించారు. మనవరాలు చానల్ మార్చేసింది గానీ, నేను గిల్లుతున్న చిక్కుడుకాయ నా చేతిలో అలాగే ఉండిపోయింది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, దేశాల సంగతి నాకేం తెలుసు? కానీ కువైట్ మీదికి ఇరాక్ ఫౌజు వచ్చిన ఏడాది, ఆ యుద్ధం షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గరి మా ఒంటిగది ఇంట్లోకి కూడా వచ్చిందని మాత్రం తెలుసు.

మా చెల్లెలి మొగుడు మగ్గం పని వదిలి, కువైట్‌లో బట్టలుతికే దుకాణంలో పనికి పోయి అప్పటికి రెండేళ్లు. ఉత్తరాలు ఆగిపోయాయి. చిన్న కూతురిని చంకనేసుకుని చెల్లెలు మా ఇంటికి వచ్చేసింది. అక్కడివాళ్లను విమానాల్లో బొంబాయికి తెస్తున్నారని ఎవరో చెప్పినప్పటి నుంచి, పొద్దున లేస్తే స్టేషన్‌కే పరుగు. బొంబాయి నుంచి వచ్చే ప్రతి బండి దగ్గరా నిలబడి, పెద్ద సంచులతో దిగినవాళ్లనల్లా ఆపి అడిగేది. ఇక్కడ ఇంట్లో మేమిద్దరం చుట్టే బీడీల్లో ఆమె వంతుకు తడిపిన ఆకు ఎండి, పెళుసెక్కి, చెత్తలోకి పోయేది.

నాకు కడుపు మండేది. మరిది వస్తే మంచిదే, రాకపోతే? ఆమెకూ పిల్లకూ మిగిలేది పని ఇచ్చేందుకు కార్ఖానావాళ్లు రాసిచ్చిన బీడీ కార్డు ఒక్కటే, అదీ వరసగా కొన్నాళ్లు బీడీలు అప్పజెప్పకపోతే రద్దు. అందుకని నా వంతు చుట్టాక ఆమె వంతూ నేనే చుట్టడం మొదలుపెట్టాను. అయితే చెల్లెలిది ఎడమచేతివాటం. ఆమె బీడీ మీద ఆకు అంచు మా అందరి బీడీల మీదిలా కాక ఎదురు దిక్కుకు తిరుగుతుంది. కార్ఖానాలో సరుకు చూసే చెకర్‌కు అది వేలికొసతోనే తెలిసిపోతుంది. కాబట్టి నేనూ ఎడమచేత్తోనే చుట్టాను. ముప్పై దాటినదాన్ని, చిన్నప్పటి నుంచి అదే పనిలో ఉన్నదాన్ని, పలక పట్టిన పిల్లలా తంటాలు పడ్డాను.

మూడోరోజు చెకర్ నా కట్టలోదొకటి, ఆమె కట్టలోదొకటి బీడీ తీసి పక్కపక్కన పెట్టి నవ్వాడు. “ఏం అక్కా, చెల్లె చెయ్యి అరువు తెచ్చుకున్నవా? రేపు ఆమెనే వచ్చి నా ముంగట చుట్టాలె. లేకుంటె కార్డు క్యాన్సల్, మల్ల నన్ను అనొద్దు.”

మర్నాడు స్టేషన్‌కు పోయి, అందరి ముందూ చెల్లెలి రెక్క పట్టుకుని లాగాను.

“ఇడువక్కా! ఇంకో గాడి ఉంది. ఆయన దాంట్లనే దిగితె?”

“దిగినోనికి ఇంటి తోవ తెల్వదా? కార్డు పోతె మాత్రం మల్ల రాదు. నడువ్.”

నడిచింది. చెకర్ ముందు కూర్చుని, కళ్లయినా తుడుచుకోకుండా ఒక కట్ట చుట్టింది. అతను ఒక్క బీడీ కూడా తీసి పారేయలేకపోయాడు. కార్డు నిలిచింది. ఆమె మళ్లీ స్టేషన్‌కు పోలేదు, నాతో మాట్లాడనూ లేదు.

నా మాటే నెగ్గింది, కుదురు పోయిందీ నాకే. బండి వేళకు చేతులు ఆగిపోయేవి. ఆ ఇంకో గాడిలో అతను నిజంగానే దిగి, ఎవరూ కనపడక ఎటో పోయాడేమోనని పిచ్చి ఆలోచన. దారం కొనాలని వంక పెట్టి రెండుసార్లు నేనే స్టేషన్‌కు పోయి, ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగి, తల వంచుకుని తిరిగొచ్చాను. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

దీపావళికి ముందు ఒక మధ్యాహ్నం, ఎవరూ ఎదురు వెళ్లని రోజున, మరిది తనే నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం, సగమైన ఒళ్లు, చేతిలో ఒక చిన్న సంచి. చెల్లెలు చేతిలోని బీడీకి దారం చుట్టి, చాటలో పెట్టి, అప్పుడు లేచింది. నా వైపు చూసి, అన్నాళ్ల తర్వాత మొదటి మాట అంది: “అక్కా, బియ్యం ఇంకింత పొయ్.”

ఇప్పుడు మా వాడలో ఆడపిల్లలు బీడీలు చుట్టరు, మంచిదే. యుద్ధంలో చిక్కుకున్న మనిషి కూడా ఫోన్‌లో మొహం చూపిస్తాడట, అదీ మంచిదే. చెల్లెలు ఊరి అవతల కాలనీలో ఉంటుంది, రోజూ ఫోన్ చేసి మందుగోలీలు వేసుకున్నావా అని అడుగుతుంది. నాతో మాట్లాడని ఆ రోజుల్లో కూడా ఒకే చాటకు అటూ ఇటూ, మోకాళ్లు తగిలేలా కూర్చుని చుట్టేవాళ్లం. ఇప్పుడు కోపమొస్తే ఫోన్ పెట్టేస్తుంది. అప్పుడు అలిగి లేచి వెళ్లడానికి మాకు ఇంకో గది కూడా లేదు.