గుర్రానికి వాహన పూజ

గుర్రమెక్కి పడ్డవాళ్లను మీరు చూసే ఉంటారు. గుర్రం ఎక్కకుండానే పడి, ఆదివారం పూట అందరి ముందూ పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. నవ్వుకోండి, మొహమాటపడకండి. మా ఇంట్లో ఏడాదిగా నవ్వుతూనే ఉన్నారు.

మాది భీమవరం. ఉద్యోగం మూలాన పట్నం అంచున ఉన్న యాప్రాల్‌లో కాపురం. మా అమ్మాయి లహరికి అప్పుడు ఎనిమిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ కాళ్లు బిగుసుకుపోతాయి, నడుము నిలవదు. మాటలు మాత్రం పుట్టెడు. "నాన్నా, బడిలో అందరిలా బెంచీ మీద కూర్చుంటా. ఆ బెల్టు కుర్చీ నాకొద్దు," అని రోజూ అదే పాట. డాక్టరుగారు గుర్రపుస్వారీ చేయించి చూడమన్నారు. ఈయనకు మతిగానీ తప్పిందా అనుకున్నాను.

అలా అలియాబాద్ అవతల యాదన్న దగ్గరికి చేరాం. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోతుంటే, ఆయన తన చెలకలో గుర్రాలు పెట్టుకున్నాడు. ఆదివారాలు ఫిజియోథెరపీ మేడమ్ ఒకావిడ వచ్చి పిల్లల పక్కనే నడుస్తుంది.

"గుర్రమెక్కితే నడుమెలా నిలుస్తుందండీ?" అని అడిగాను.

"రాణి అడుగేస్తే పైనున్న పిల్ల నడుం గూడ నడిచినట్టే కదుల్తది సార్," అన్నాడు యాదన్న, తెల్ల గుర్రం మెడ నిమురుతూ. "పడకుండ ఒళ్లు దానంతటదే సవరించుకుంటది. దాని ఒంటి వేడికి కాళ్లు గూడ జర వదులైతయ్. పరేషాన్ గాకుర్రి."

పరేషాన్ కాక తప్పలేదు. మూడు ఆదివారాలూ లహరి ఎక్కిన దగ్గర్నుంచి ఏడుపే. జీను పిడి పట్టుకుని ముందుకు ముడుచుకుపోయేది. "వచ్చే వారం కూడా ఏడిస్తే కొన్నాళ్లు ఆపేద్దామండీ. భయంతో బిగుసుకుంటే లాభం లేదు," అంది మేడమ్. ఇంటికొచ్చే దారిలో మా వసపిట్ట బెంచీ ఊసే ఎత్తలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆలోచించగా ఆలోచించగా కారణం తట్టింది. మా ఇంట్లో స్కూటరుకు పూజ చేశాం, కారుకు చేశాం, వాషింగ్ మెషీన్‌కు కూడా బొట్టు పెట్టాం. బిడ్డనెక్కించే వాహనానికి మాత్రం చిన్నమెత్తు పూజ లేదు!

"గుర్రం వాహనమేంటండీ? దానికి ప్రాణముంది," అంది మా ఆవిడ సుజాత.

"దేవుడి ఊరేగింపులో అశ్వవాహనం లేదూ?" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో ఆదివారం సుజాతనూ వెంటబెట్టుకుని, నాలుగు నిమ్మకాయలు పట్టుకెళ్లాను. నైవేద్యానికి బెల్లం ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను. లహరిని ఎక్కించారు. అప్పుడే పెదవి వణుకుతోంది. యాదన్న పగ్గం పట్టుకున్నాడు, మేడమ్ పిల్ల నడుము పట్టుకుంది. నేను చటుక్కున వంగి, రాణి కాళ్ల దగ్గర నిమ్మకాయలు పెట్టబోయాను.

"గిదేంది సార్?"

"చక్రాల కింద పెడతాం కదండీ!"

"దీనికి చక్రాలేడున్నయ్ సార్!"

అంతలో రాణి మూతి నా జేబులో దూరింది. బెల్లం వాసన మరి! "అమ్మో, కరిచేస్తోంది!" అని కేకేసి పరుగు లంకించుకున్నాను. రాణి నా వెంట బయల్దేరింది. నాది పరుగు, దానిది నడక. అయినా దూరం పెరగడం లేదు. నా పొట్ట సంగతి మీకు తెలియదు.

"ఉరుకకుర్రి సార్! జేబుల బెల్లం పారేయిర్రి!" అని అరిచాడు యాదన్న, పగ్గం వదలకుండా నడుస్తూ.

అంత బుర్రే ఉంటే పరిగెత్తడం దేనికి? కంచె వెంబడి ఒక చుట్టు తిరిగాను. చెప్పొకటి ఊడింది. ఉన్నట్టుండి యాదన్న మాట మార్చాడు.

"ఆగకుర్రి సార్! ఉరుకుర్రి, ఇంకో రౌండ్!"

"ఇప్పుడేగా వద్దన్నారు!"

"ఇప్పుడు ఉరుకుమంటున్న గద! జల్దీ!"

మీకేమన్నా పిచ్చా అందామని వెనక్కి తిరిగాను. నా చేతిలోంచి జారిపడ్డ నిమ్మకాయ మీద నా కాలే పడింది. గడ్డీ, గుర్రపు లద్దీ కలిపి పోగేసిన కుప్పలో దబ్బున కూలబడ్డాను. రాణి తాపీగా వచ్చి, జేబులోంచి బెల్లం అందుకుని నమిలేసింది.

తలెత్తి చూస్తే లహరి పిడి వదిలేసి ఉంది. రెండు చేతులా చప్పట్లు కొడుతూ పకపకా నవ్వుతోంది. మేడమ్ చేతులు రెండూ దూరంగా, ఊరికే కాపలా కాస్తున్నాయి. నా బిడ్డ నడుము నిటారుగా ఉంది. ఎవరూ పట్టుకోలేదు.

"నాన్నా, మళ్లీ!" అంది.

లద్ది చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. సుజాత అడిగితే ఘాటుకు నీళ్లొచ్చాయన్నాను. ఆవిడకూ నీళ్లే, ఆవిడేమో కుప్పకు ఆమడ దూరంలో ఉంది.

ఒక్క రోజులో అద్భుతాలేం జరగలేదు. ఏడాది పాటు ఒక్క ఆదివారం మానకుండా వెళ్లాం. మొన్న బడి తెరిచిన రోజున లహరి బెంచీ మీద మొదటి పీరియడంతా కూర్చుంది. రెండో పీరియడుకు అలిసిపోయి కుర్చీలోకి మారిందట. మాకు అదే పండగ. యాదన్నకు చేతులెత్తి దండం పెట్టబోతే, "నాకెందుకు సార్, దానికి వెట్టుర్రి," అని రాణిని చూపించాడు. పెట్టాను, మనస్ఫూర్తిగా. ఆ మూగజీవి చేసిన మేలు ఈ జన్మకు మర్చిపోను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సొంత కాళ్లున్న ఏ వాహనానికీ నేనిక జన్మలో పూజ చేయను. గుర్రం ముందు పరిగెత్తననీ, లద్ది కుప్పలో పడననీ కూడా ప్రమాణం చేసేవాణ్ణే. లహరి ఒప్పుకోలేదు.