ఇందు పళ్ల కోసం ఆగిన సాంచాలు

నర్సింగం వయసులో ఉన్నప్పుడు గంజి పెట్టిన పడుగు మీద కాకి వాలితే జారి పడేదట. ఈ మాట నర్సింగమే చెప్పాడు గనుక అబద్ధం అనడానికి వీల్లేదు. కాకులను అడుగుదామంటే ఆ కాలపు కాకులు ఇప్పుడు లేవు. కొత్తవాడలో వీధి పొడవునా నూలు పోగులు సాగదీసి, గంజి చల్లి, మూరెడు కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి ఆ ఊపులో పడుగు అయిపోయిందని కూడా తెలియక, గాలిని దువ్వుకుంటూ ఎక్కడో దూరాన ఉన్న పరకాల దాకా పోయి, అక్కడ చాయ్ తాగి వెనక్కి వచ్చేవాడట.

ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. చేతిమగ్గం ఎప్పుడో పోయింది. ఇంటి ముందుగదిలో కొడుకు బాలరాజు నాలుగు కరెంటు మగ్గాలు నడుపుతాడు. వాటిని సాంచాలంటారు. పొద్దున ఐదింటి నుంచి అవి ఆడుతుంటే ఇల్లంతా సన్నగా ఊగుతుంది. గ్లాసులో నీళ్లు వణుకుతాయి, గోడ మీది క్యాలెండరు తలాడిస్తుంది. ఆ ఊయలలో నర్సింగం పగలంతా సగం నిద్రలో, సగం కథలో బతుకుతాడు.

ఆ నిద్రలోంచి ఆయన్ను లేపినవి మనవరాలు ఇందు పళ్లు.

ఇందుకు పద్నాలుగేళ్లు. పై పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే, బడిలో ఫోటో తీసినప్పుడల్లా పెదవులు బిగించుకునేది. ఏడాది కింద హనుమకొండలో పళ్ల డాక్టరు భవాని దగ్గర క్లిప్పులు వేయించారు. పంటికొక చిన్న బిళ్ల, బిళ్లలన్నిటినీ కలుపుతూ తీగ. పళ్లు దారికి వస్తున్నాయి గానీ, తీగ చుట్టూ పాచి పేరుకుని చిగుళ్లు వాచాయి. తోమితే నెత్తురు. ఈసారి పోయినప్పుడు డాక్టరు అద్దం చూపించి చెప్పింది.

"నెల రోజులు టైమిస్త ఇందూ. చిగుళ్లు ఇట్లనే ఉంటే తీగ తీసేస్త. సగంల ఆపుడే ఇగ. పండ్ల మీద తెల్లమచ్చలు పడ్డయంటే అవి పోవు."

సగంలో ఆపితే పళ్లు మళ్లీ పాత చోటికే జరుగుతాయి. వచ్చేటప్పుడు ఆటోలో ఇందు ఏడవలేదు. ఏడిస్తే నోరు తెరవాలి కదా.

బాలరాజు ఆ సాయంత్రమే కరెంటు బ్రష్ తెచ్చాడు. గుండ్రటి తల, తెల్లటి ఒళ్లు. రాత్రి ఛార్జింగు పెట్టి, పొద్దున మీట నొక్కితే తుమ్మెదలా జుమ్మంటుంది.

"ఏందిరా అది? గడ్డం గీసే మిషనా?" అన్నాడు నర్సింగం.

"పండ్లు తోమేటిది బాపూ. చెయ్యి కదిపే పనే లేదు."

"చెయ్యి కదపకుంట తోముడా! నా కుంచె నడిచిన కాలంల ఇసొంటి మిషన్లు నా ముందట నిలవడకపోతుండె."

"అప్పుడు ఇసొంటి మిషన్లు యాడియి తాతా?" అంది ఇందు.

"నా భయానికే పుట్టలేదే పిల్లా!"

పందెం అక్కడ మొదలైంది. డాక్టరు రంగు గోళీలు ఇచ్చింది. తోముకున్నాక ఒకటి నమిలి పుక్కిలిస్తే, పాచి మిగిలిన చోట గులాబీ రంగు తేలుతుంది. కుడివైపు తాత చెప్పినట్టు చేతి బ్రష్, ఎడమవైపు కరెంటు బ్రష్. ఎటు గులాబీ తక్కువైతే ఇక నోరంతా ఆ బ్రష్షే.

నర్సింగం రోజూ నల్లా దగ్గర అద్దం పట్టుకుని నిలబడేవాడు.

"అట్ల రుద్దకు, వాకిలి ఊడుస్తానవా? చిగురు దిక్కు జర వంచు. తీగ మీదికెల్లి ఒకపాలి, తీగ కిందికెల్లి ఒకపాలి. పోగు తెగద్దు, గంజి మిగలద్దు."

సీసాలు కడిగే బ్రష్షుకు మనవరాలి లాంటి బుల్లి బ్రష్షు ఒకటుంది. దాన్ని తీగ కింద దూర్చి బిళ్ల బిళ్లకూ తిప్పాలి. అది రెండు వైపులా తప్పదని డాక్టరు హుకుం. అది కాగానే, ఎడమవైపు వంతు వచ్చేసరికి నర్సింగం గోడకానుకుని కళ్లు మూసుకునేవాడు. "మిషన్ జూసుకుంటదంట కద, జూసుకోనీ."

పది రోజులు గడిచాయి. కుడివైపు తెల్లగా మెరుస్తుంటే ఎడమవైపు వెనక పళ్లదాకా గులాబీ తోట. నర్సింగం వాడకట్టంతా తిరిగి చెప్పాడు. చెప్పిన ప్రతి ఇంట్లో మిషన్ ఇంకాస్త ఓడింది. ఆఖరి ఇంటికి చేరేసరికి అది ఏడుస్తూ పోయి తన డబ్బాలో తానే పడుకుని మూత వేసుకుంది.

ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. నడుమ రెండు రోజులు పెళ్లికని తొర్రూరు పోయి వచ్చేసరికి కుడివైపు కూడా గులాబీయే. 'ఆ రెండ్రోజులు లెక్కల్లకు రావు' అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

పదకొండో పొద్దున కరెంటు పోయింది.

నాలుగు సాంచాలూ ఒక్కసారి ఊపిరి బిగబట్టాయి. ఇల్లు మెల్లగా చెరువు అడుగుకు దిగినట్టయింది. గోడకానుకుని ఉన్న నర్సింగానికి తానెక్కడున్నాడో తెలియలేదు. పొగమంచులో, పాత వీధిలో, తడి పడుగు పక్కన నిలబడ్డాననుకున్నాడు. ఎక్కడో ఒక తుమ్మెద. జుమ్మని సాగి, చిన్న తడబాటు. మళ్లీ సాగి, మళ్లీ తడబాటు. సరిగ్గా అంతే సేపటికి.

కళ్లు తెరిస్తే ఇందు బ్రష్ నోట్లోంచి తీసి చూస్తోంది.

"తాతా, ఇది సస్తాంది. ఆగాగి కొట్టుకుంటాంది. ఇగ నువ్వే గెలిచినవ్ పో. రేపటిసంది రెండు దిక్కుల చేతి బ్రష్షే."

పది రోజులుగా ఆయన చెవులు ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాయి. కానీ అవి అరవై ఏళ్లు మగ్గం చప్పుడు విన్న చెవులు. చచ్చే మిషన్ ఇష్టమొచ్చినట్టు ఆగుతుంది. ఇది కొలిచి ఆగుతోంది. నోరు మూసుకుంటే గెలుపు తనదే. మరి తాను మళ్లీ ఏ ఊరికో పోతే? తొర్రూరు నుంచి వచ్చిన పొద్దున చూసిన గులాబీ కళ్లలో మెదిలింది.

"దాని డబ్బల కాగితం ఉంటది, సదువు," అన్నాడు.

ఇందు చదివింది. ముప్పై సెకన్లకోసారి బ్రష్ కొద్దిగా ఆగి, నోట్లో ఇంకో మూలకు జరగమని గుర్తు చేస్తుంది. పంటికి ఊరికే ఆనించాలి, రుద్దకూడదు.

నేల వణికే ఇంట్లో, గోడ వణికే ఇంట్లో, అరచేతిలోని అంత చిన్న తడబాటు ఎవరికి తెలుస్తుంది? ఇందు తుమ్మెదను ముందుపళ్ల మీదే ఆడించి, చేతి బ్రష్షులాగే రుద్ది, చాలనిపించినప్పుడు ఆపేసేది.

"అంటే మిషన్ ఓడలేదా తాతా?"

"దాన్ని మనం మాట్లాడనియ్యలే," అన్నాడు నర్సింగం. మాట కాస్త చేదుగానే వచ్చింది.

కరెంటు రాగానే కొడుకు ముందు నిలబడ్డాడు. "పొద్దుగాల రెండు నిమిషాలు, మాపటికి రెండు నిమిషాలు సాంచాలు ఆపాలె."

"పండ్లు తోముటానికి నాలుగు సాంచాలు ఆపాల్నా! నీకేమన్న అయిందా బాపూ?"

"నీ బిడ్డ నోరారంగ నవ్వంగ ఎప్పుడు జూసినవో చెప్పు, అప్పుడు ఆపకు."

బాలరాజు మరునాడు పొద్దున ఆరింటికి పోయి తానే మీట ఆపాడు.

నిశ్శబ్దం ఎంత మెత్తగా దిగిందంటే, గాలిలో ఎగిరే నూలు దుమ్ము కూడా ఆగి విన్నది. ఎండపొర ఒకటి కిటికీలోంచి వచ్చి సగం నేసిన బట్ట మీద పడుకుంది. పక్కింటి పిచ్చుకలు ఇన్నాళ్లూ మూగవనుకున్నాడు నర్సింగం, వాటికీ గొంతులున్నాయి. నల్లా దగ్గర తుమ్మెద పాడుతోంది.

అయితే ఆ వాడకట్టులో, ఇంట్లో మనిషి పోతే తప్ప కరెంటుండగా ఎవరూ సాంచాలు ఆపరు. నిమిషం తిరక్కముందే ఎదురింటి మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉరికొచ్చింది. వెనుక ఇంకో నలుగురు.

"ఓ బాలరాజూ! నర్సింగన్న ఎప్పుడు పోయిండు బిడ్డా!"

"ఇంక పోలే మొగిలమ్మా," అన్నాడు నర్సింగం నల్లా దగ్గర నుంచి. "జర సప్పుడు జెయ్యకుండ్రి. పండ్లు తోముతానం."

"నీ పాడుగాను! పొద్దుగాల్నే నా పానం తీస్తివి గదనే!"

తిట్టింది గానీ వెళ్లలేదు. వచ్చినవాళ్లెవరూ వెళ్లలేదు. ఆ నిశ్శబ్దం వాళ్లను కూడా పట్టుకుంది. జుమ్మని సాగి, చిన్న తడబాటు.

"అగో, జరుగుమంటాంది," అంది మొగిలమ్మ గుసగుసగా. ఇందు కళ్లతో నవ్వి, బ్రష్ పక్కకు జరిపింది.

కుడివైపు చెయ్యి, ఎడమవైపు మిషన్, అట్లానే నెల తిరిగింది. హనుమకొండలో డాక్టరు భవాని కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, చిగుళ్లను సన్నటి పుల్లతో తాకింది. నర్సింగం గోడ పక్క నిలబడ్డాడే గానీ, ఆయన ప్రాణం ఇందు నోట్లో, ఆ తెల్లటి గోడల సందులో ఎక్కడో తిరుగుతోంది.

"నెత్తురొస్తలేదు. వాపు పోయింది. ఏ దిక్కు ఏ బ్రష్ పెద్దాయనా?"

"నువ్వే చెప్పు డాక్టరమ్మా."

"నాకైతే తేడా దొరకలే. ఓపికగ తోమితే చేతి బ్రష్ సాలు. ఆ ఓపిక రోజూ లేనోల్లకు మిషన్ జర సాయం. దేన్ని దాని పద్ధతిల వాడాలె, గంతే. తీగ తియ్యను. కొత్తది ఎక్కిస్త."

నర్సింగం గోడను వదిలి కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఇంట్ల మిషన్. బడికి చేతి బ్రష్," అని ఇందే తేల్చేసింది.

డాక్టరు పాత తీగ తీసింది. దాన్ని పట్టి ఉంచిన రబ్బర్లు వేసినప్పుడు కంటికి ఆనని రంగువి. నెల రోజుల కూరల పసుపు తిని పసుపెక్కాయి. "ఈసారి గూడ కనపడనియే ఎయ్యాల్నా?"

ఇందు నోరు తెరిచే ఉంది. చెయ్యి చాచి ట్రేలో వెతికి రామచిలక పచ్చ రబ్బర్లు చూపించింది.

"గంత పచ్చయా? సందు చివరికెల్లి కనపడతయే బిడ్డా," అన్నాడు నర్సింగం.

ఇందు డాక్టరు చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"కనపడనీ," అంది.