అందరికంటే ఆఖర్న మాకు చెప్పారు

మా అమ్మకు ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే అలవాటు ఉండేది కాదు. ఎవరు చేసినా స్పీకర్ పెట్టి, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడినవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా మాట్లాడేది. నేను ఎన్నిసార్లు పోట్లాడినా మానలేదు. ఇప్పుడు మానేసింది. నేను గెలిచానని మాత్రం అనిపించదు.

సరూర్‌నగర్‌లో మా కాలనీ ఆడవాళ్లకు ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది, వారానికొకరి ఇంట్లో. అప్పట్లో దాన్ని నడిపించేది వెనక వీధి పెద్దమ్మ. మాకు చుట్టమేమీ కాదు. అమ్మ ఆమెను అక్కా అంటుంది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు. పెళ్లయిన కొత్తలో ఒకే ఇంట్లో చెరొక గది కిరాయికి తీసుకుని ఉన్నారు. పెద్దమ్మ ప్రార్థన పేరుపేరునా సాగేది. ఎవరి మోకాళ్ల నొప్పి, ఎవరి కొడుకు తప్పిన పరీక్ష, ఎవరి అల్లుడి తాగుడు, అన్నీ కళ్లు మూసుకుని గొంతెత్తి దేవుడికి చెప్పేది. నా పేరు వచ్చినప్పుడు ఇబ్బందిగా కదిలేదాన్ని, రాకపోతే అలిగేదాన్ని.

ఆ కూడికల్లో ఒక చిక్కుంది. మామూలుగా నోరు విప్పి చెప్పకూడని సంగతిని కూడా "ప్రార్థన అవసరత" అని పేరు పెట్టి చెప్పేయొచ్చు. "ఎవ్వరికి చెప్పకున్రి, ప్రార్థన చేయున్రి" అని శుక్రవారం చెప్పిన మాట, ఆదివారం ఆరాధన అయ్యేసరికి చర్చి బయట చెప్పుల దగ్గర వినపడుతుంది. మా వాళ్లకు ఏ రహస్యం బయటపడినా మొదట అనుమానం వచ్చేది ఈ కూడిక మీదే. వేరే దారిలో కూడా బయటికి పోగలదని ఎవరికీ తట్టదు.

నాన్న పోయాక అమ్మకు నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. తర్వాత పొద్దున లేచి జడ వేసుకోవడం కూడా మానేసింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు అది డిప్రెషన్ అని చెప్పి మందులు రాశాడు. వాడితే గుణం కనిపించింది. కానీ అమ్మ సండే స్కూల్ టీచరు, నలుగురికీ ధైర్యం చెప్పే మనిషి.

"దేవుని నమ్ముకున్నదానికి మనసుకు గోలీలేంది అంటరు బిడ్డా. చర్చిలో నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అంది.

అందుకని కాలనీలో మందుల షాపు ఉండగా, ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపుకు పోయేవాళ్లం. అక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరని మా తెలివి. బిల్లు వేసేముందు చీటీలోంచి అమ్మ పేరు, డాక్టరు పేరు ఎక్కించుకుని ఫోను నంబరు అడిగేవారు. చెబితే కొంత తగ్గింపు. అమ్మ సంతోషంగా చెప్పేది.

ఈ సంగతి అమ్మ ఒక్క పెద్దమ్మకే చెప్పింది. పెద్దమ్మకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయని, రోజూ మాత్ర వేసుకుంటుందని కాలనీలో అమ్మకొక్కదానికే తెలుసు. ఆమె కూడా ఆ షాపులోనే కొనేది. అసలు ఆ షాపు మాకు చూపించింది ఆమే.

ఒక వానాకాలం శుక్రవారం కూడిక మా ఇంట్లో జరిగింది. ప్రార్థన అయిపోయి ఉపవాసం విడిచి అందరూ చాయ్ తాగుతున్నారు. అమ్మ ఫోను మోగింది. అలవాటుగా స్పీకర్ పెట్టింది. అవతల ఒక అమ్మాయి, చక్కటి గొంతు. అమ్మ పేరు పూర్తిగా చెప్పి, "మీరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు కదమ్మా, అదే మాత్ర మేం ఇంటికే పంపిస్తాం" అని మాత్ర పేరు, దాని పవరుతో సహా చదివింది. ఆపడానికి అమ్మ వేళ్లు ఆడలేదు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఫోను లాక్కునేసరికి ఆ అమ్మాయి డాక్టరు పేరు కూడా చెప్పేసింది.

ఒకావిడ కప్పు కింద పెట్టి "దేవుడున్నడు" అంది. ఆ జాలి అమ్మను కాల్చేసింది. అమ్మ నేరుగా పెద్దమ్మ వైపు తిరిగింది.

"నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే అక్కా. నీ నోరు ఆగది. దేవునికి చెప్తున్న అనుకుంట కాలనీకంత చెప్తవ్."

పెద్దమ్మ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు. అర్థం కాలేదన్నట్టు అమ్మ మొహంలోకి చూసింది. కొంగు సర్దుకుని, బైబిలు తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడికకు రాలేదు. కొన్నాళ్లకు పెద్ద అంబర్‌పేట్‌లో కొడుకు ఇంటికి మారిపోయిందని విన్నాం. అమ్మ సండే స్కూల్ మానేసింది. కొన్నాళ్లు మందులు కూడా మానేసి నన్ను ఏడిపించింది.

క్రిస్మస్ దగ్గరపడి వీధిలో నక్షత్రాలు కడుతున్న రోజుల్లో అమ్మ ఫోనుకు ఆ మందుల షాపు నుంచి మెసేజ్ వచ్చింది. షాపు వాళ్ల కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారట. కస్టమర్ల పేర్లు, నంబర్లు, కొన్న మందుల వివరాలు బయటికి పోయి ఉండవచ్చట. తెలియని ఫోన్ల పట్ల జాగ్రత్తగా ఉండాలట. కింద ఒక హెల్ప్‌లైన్ నంబరు.

నాకు కోపం తొందరగా వస్తుంది, ఆ రోజు ఇంకా తొందరగా వచ్చింది. ఫోను చేశాను. కోస్తా యాసలో మర్యాదగా మాట్లాడే అబ్బాయి తగిలాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"ఎండాకాలం మొదట్లోనేనండి. తెలిసిన వెంటనే, గంటల్లోనే గవర్నమెంటుకి రిపోర్టు చేసేశామండి. అందులో మా తప్పేం లేదండి."

"మరి మాకు?"

"కస్టమర్లకి చెప్పాలన్న రూలు ఇంకా అమల్లోకి రాలేదండి, టైముంది. అయినా సరే, మా వాళ్లు ముందే చెప్పేశారు చూడండి."

ముందే అన్నాడు! ఫోను పెట్టేసి, ఆ రూలు ఉన్న చట్టం వెతుక్కుని చదివాను. కొత్త చట్టం మంచిదే. వివరాలు పోతే, ఎవరివి పోయాయో వాళ్లకు ఆలస్యం లేకుండా చెప్పాలి. ఇందుకోసం పెట్టిన ప్రభుత్వ బోర్డుకు మూడు రోజుల్లో పూర్తి లెక్క అప్పజెప్పాలి. అయితే ఆ మాట అమలయ్యేందుకు కంపెనీలకు వ్యవధి ఇచ్చారు, సర్దుకోవడానికి. వాళ్లు సర్దుకున్నారు. మా ఇంట్లో ఏదీ సర్దుకోలేదు. ఎండాకాలంలో ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ ఫోను వచ్చిన రోజు అమ్మ తిట్టాల్సినవాళ్లనే తిట్టేది. నాలుగు బూతులు ఎక్కువే తిట్టేది, నేనూ సాయం పట్టేదాన్ని. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఇద్దరికీ అడ్డం పడేది.

అమ్మకు మెసేజ్ చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. తర్వాత లేచి చీర మార్చుకుంది.

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్ పోయాం. పెద్దమ్మ తలుపు తీసి "రా చెల్లె" అంది, నిన్ననే కలిసినట్టు. అమ్మ కూర్చోకుండానే ఫోను చూపించింది.

"నాకు గూడ ఒచ్చింది గీ మెసేజ్," అంది పెద్దమ్మ.

"ఫోన్లు గూడ ఒచ్చినయా?"

"ఒచ్చినయ్. నీకంటె ముందుగాల్నే. ఫిట్స్ గోలీలు తక్కువకిస్తమని ఒకటే సతాయించిన్రు."

అమ్మ గోడకు ఆనుకుంది. "నీకు ఫిట్స్ ఉన్నయని నాకొక్కదానికే గద తెలుసు. నన్ను అనుమానపడలేదా అక్కా?"

"నువ్వెందుకు చెప్తవ్?" అంది పెద్దమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

అమ్మ అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. పెద్దమ్మ వీపు నిమిరి, నీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. కాలనీ కబుర్లు అడిగింది, అన్నీ అడిగింది. నాకు లోపల కొంచెం తేలికైంది. అంతా మళ్లీ మామూలైపోతుందని అనుకున్నాను కూడా.

మా వాళ్లు ఎవరింటికి పోయినా, బయల్దేరేముందు చిన్న ప్రార్థన చేసుకుంటారు. అమ్మ కొంగు తల మీద వేసుకుని "ప్రార్థన చెయ్ అక్కా" అంది. ముగ్గురం కళ్లు మూసుకున్నాం.

ఏమీ వినపడలేదు. ఫ్యాను చప్పుడు, దూరంగా హైవే మీద లారీల మోత. నేను కళ్లు తెరిచి చూశాను. పెద్దమ్మ చేతులు జోడించి ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. చాలాసేపు అట్లాగే కదిలాయి. చివర "ఆమెన్" ఒక్కటే పైకి అంది. అమ్మ కూడా ఆమెన్ అంది, కానీ వెంటనే కళ్లు తెరవలేదు. ఇంకా ఏదో ఉందనుకున్నట్టుంది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఎల్‌బీ నగర్ దగ్గరపడుతుండగా నా వైపు తిరిగి అడిగింది.

"ప్రార్థనల నా పేరు తీసిందంటవా?"

"తీసే ఉంటది అమ్మా," అన్నాను.

"నాకైతే ఇనపడలే," అంది అమ్మ.