పంపులో తగ్గని నూనె

ట్రాక్టరు శబ్దం బాగాలేదని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన పెరుగన్నం తింటున్నారు. ముద్ద ఆపలేదు, తలెత్తలేదు. నేనే దగ్గరికెళ్ళి మళ్ళీ గట్టిగా చెప్పాను.

"ఇంజను ఊరికే రేసు ఎక్కుతోందండీ. మీరు ముట్టుకోకుండానే ఎక్కుతోంది, దానంతటదే పడిపోతోంది."

"నీకంతా కంగారే. నూనె చూశాను. చుక్క తగ్గలేదు," అన్నారు.

కంగారు మనిషినన్న మాట నిజమే. నాకు ఒకచోట కాలు నిలవదు. పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకీ వీధిలోకీ తిరుగుతుంటాను. అలాగని ఏనాడూ పాలు పొంగబెట్టలేదు. ఆ సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు.

అయినా ఆ వారం కంగారు పడనివాళ్ళెవరు? మాది దివిసీమలో కాలువ చివరి ఊరు. పైవాళ్ళందరూ తడుపుకున్నాక మిగిలిన నీళ్ళు మా శివారు చేలకు. కాలువ నీళ్ళు వదిలే లస్కరు వచ్చి, ఆదివారం సాయంత్రం తూము మూసేస్తాననీ, ఈలోపే చేలు బురదగా దున్ని దమ్ము చేసుకోమనీ చెప్పి వెళ్ళిపోయాడు. నారు చూస్తే అప్పటికే ముదురుతోంది. తడి ఆరితే మా నేలలో ఉప్పు పైకి లేస్తుంది, ఇక ఆ ఏడు ఊడ్పులు ఉండవు. అలాంటప్పుడు బండి ఆగిపోతే మా చేను బీడే. ఊళ్ళో మిగతా ట్రాక్టర్లన్నీ ఎవరి చేలల్లో వాళ్ళకే ఊపిరాడకుండా తిరుగుతున్నాయి.

మా ఆయనకు వినికిడి తగ్గిందని ఇంట్లో అందరికీ తెలుసు. టీవీ మోత వీధి చివరిదాకా వెళ్తుంది. కానీ ఆ మాట ఎత్తితే ఆ పూట అన్నం మానేస్తారు. అందుకని అందరం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుని, మా ఇంటి తీరే అంత అన్నట్టు ఉంటున్నాం.

మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్ళి, నా కళ్ళముందు చూపించమని పట్టుబట్టాను. మాది పాత బండి. ఇంజనుకు డీజిలు కొట్టే పంపులో, లోపలి భాగాలు అరక్కుండా, విడిగా కాస్త నూనె ఉంటుంది. పక్కనున్న చిన్న బోల్టు విప్పితే నూనె ఆ అంచుదాకా కనబడాలి. ఆయన విప్పారు. నూనె కనబడటం కాదు, బయటికి కారింది.

"చూశావా? సీజను మొదలయ్యాక ఒక్కసారి కూడా పొయ్యలేదు," అన్నారు.

మా వైపు మగవాళ్ళకు ఇదో పిచ్చి. నూనె తాగని బండి ఉన్నవాడికి టీ కొట్టు దగ్గర ఓ హోదా. నేను ఆ కారిన నూనెను వేళ్ళ మధ్య రుద్దాను. జిడ్డే లేదు, నీళ్ళలా జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు కంపు.

"పొయ్యకుండా నూనె ఎలా పెరుగుతుందండీ? ఇందులోకి డీజిలు దిగుతోంది," అన్నాను.

ఆయన వెంటనే మా బావగారికి ఫోన్ చేసి, రమ్మని చెప్పి పెట్టేశారు. మా ఆయన అన్నగారు ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చేస్తారు. తమ్ముడు పిలిస్తే చాలు, ఎంత పనున్నా వదిలేసి వస్తారు. ఆ రోజూ బైకు మీద ఓ డబ్బా పెట్టుకుని వచ్చారు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల గేర్లకు పోసే తొంభై నంబరు నూనె. తేనెలా చిక్కగా ఉంటుంది. బావగారి దృష్టిలో లోకంలో నూనె అంటే అదొక్కటే. తలుపు కిర్రుమన్నా అదే, సైకిలు చైను ఎండినా అదే.

"ఎలాగూ డీజిలు కలిసి పలచబడుతోంది కదమ్మా. మొదలే గట్టిది పోసేస్తే, అది కలిశాక సరిగ్గా సరిపోద్ది. మా చెరువుల మీద అందరం ఇదే చేస్తాం," అన్నారు.

మజ్జిగ పలచనైతే పెరుగు కలిపే లెక్క. వినడానికి ఎంత బాగుందంటే, నాక్కూడా ఓ క్షణం నిజమే అనిపించింది. కానీ మనసు నిలవలేదు. నేనొచ్చేదాకా ఏమీ పొయ్యొద్దని చెప్పి, కారిన నూనెను పచ్చడి సీసాలో పట్టుకుని, పంపుకు ఓ ఫోటో తీసుకుని, స్కూటీ మీద బందరు బయల్దేరాను. వెనకాల బావగారు ఏదో అంటున్నారు. వినిపించుకోలేదు.

దారంతా ప్రతి చేలోనూ దమ్ము చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పులిగడ్డ వంతెన మీద నా ముందు ఓ గడ్డి లారీ అడ్డం. దాన్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

బందరులో నూనెలు అమ్మే భాయ్ సీసా మూత తీసి వాసన చూసి, ఫోనులో పంపు ఫోటో చూపించమన్నారు.

"కొత్త రకం పంపులైతే నూనే అక్కర్లేదమ్మా, డీజిలే ఆ పని చేస్తుంది. మీది నూనె గది ఉన్న రకం. ఇంజనులో ఏం పోస్తారో ఇందులోనూ అదే పొయ్యండి," అన్నారు.

"గేర్లకు పోసే నూనె పొయ్యకూడదా?"

"పోస్తారమ్మా, చాలామంది పోస్తారు. ఆ పంపులో ఇంజను వేగాన్ని అదుపు చేసే బరువులు ఉంటాయి. అంత చిక్కటి నూనెలో అవి బద్ధకంగా కదుల్తాయి. బురదలో లోడు ఒక్కసారి తగ్గితే, అవి అందుకునేలోపు ఇంజను వేగం ఎక్కడికో వెళ్ళిపోతుంది."

"మరి డీజిలు దిగడం ఆగుతుందా?"

"దానికి నూనె మందు కాదు. లోపల అరిగింది. పంపు గుడివాడ పంపి బాగుచేయించాలి. ఇప్పుడు పంపితే వారం పైనే, అందరి పంపులూ అక్కడే పడున్నాయి. ఆదివారం దాకా లాగాలంటే రోజూ పాతది తీసేసి కొత్తది పోసుకోండి. శబ్దం మారిందంటే మాత్రం అదే క్షణంలో ఆపేయాలి. ఆపకపోతే పంపే ఉండదు."

నేను తిరిగొచ్చేసరికి బావగారు పంపు మూత తీసి, డబ్బా వంచుతున్నారు. ఒంటికాలి మీద లేచాను.

"పొయ్యకండి బావగారూ. మీ ఏరేటర్ల గేర్లు తిరిగితే చాలు. ఇక్కడ తిరిగే వేగాన్ని పట్టుకోవాలి. ఈ నూనెకు అది చేతకాదు."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. డబ్బా మూత బిగించి, "మీ బండి, మీ చేను. నాకెందుకమ్మా," అని కాలువ వైపు నడిచారు. అంత దురుసుగా అనకుండా ఉండాల్సిందేమో. అప్పుడు నాకంత ఓపిక లేదు.

మా ఆయన కింది బోల్టు విప్పారు. పాత నూనె దింపారు. ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువే వచ్చింది, నల్లగా, పలచగా. ఇంజను నూనె అంచుదాకా పోసి బోల్టు బిగించారు. అప్పుడు భాయ్ చెప్పిన రెండో మాట చెప్పాను. శబ్దం మారితే ఆపాలని. రెండుసార్లు చెప్పాను.

ఆయన సీటెక్కలేదు. స్పానరు తుడుస్తూ నిలబడ్డారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"ఎక్కండి, టైమవుతోంది," అన్నాను.

"మారితే నాకు తెలీదు," అన్నారు.

"ఏంటి?"

"వినపడదు నాకు. ఇంజను తిరుగుతుందో లేదో స్టీరింగు వణుకుని బట్టి చూసుకుంటున్నా. పోయిన దాళ్వా పంట నుంచీ అంతే."

నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది. "మరి అన్నిసార్లు శబ్దం బాగాలేదంటే నూనె చూశాను, నూనె చూశాను అంటారేంటండీ?"

"నూనె కంటికి కనబడుద్ది కదా," అన్నారు.

నేను గట్టు మీద ఉంటాననీ, ప్రతి మలుపులో నా వైపు చూడమనీ, చెయ్యి ఎత్తితే బాగున్నట్టు, ఎత్తకపోతే ఆపాలనీ చెప్పాను. సరేనని ఎక్కారు.

ఆదివారం దాకా అలాగే చేశాం. రోజూ నూనె మార్చడం, నేను గట్టు మీద నిలబడటం. ప్రతి మలుపులో ఆయన తల తిప్పేవారు, నేను చెయ్యి ఎత్తేదాన్ని. బావగారు అలిగినా, రోజూ మా ఇద్దరికీ అన్నం క్యారేజీ తెచ్చి గట్టు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళేవారు.

ఆదివారం పొద్దు వాలేసరికి చివరి మడి మాత్రం మిగిలింది. దాన్లోనూ సగం అయిపోయింది. లస్కరు తూము దగ్గరికి వచ్చి మా కోసమే ఆగాడు. ఇంకో నాలుగు చాళ్ళు తిరిగితే చేను మొత్తం అయినట్టే. అప్పుడు వినిపించింది. చిన్నగా ఎక్కింది, పడింది, మళ్ళీ ఎక్కింది. లస్కరుకు వినపడలేదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు చాళ్ళే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నారు కళ్ళముందే ఉంది.

ఆయన మలుపులో తల తిప్పి నా వైపు చూశారు. నేను చెయ్యి ఎత్తలేదు. ఎందుకని కూడా అడక్కుండా ఆయన బండి ఆపేసి దిగారు.