బాలింత బువ్వ

మొన్న మా మనవరాలు పేపరు చదివి వినిపించింది. చిరుధాన్యాల్లో, ఆకుకూరల్లో పీచు ఉందంట. రంగున్న కూరల్లో, పండ్లలో యాంటీ ఆక్సిడెంట్లంట. అవి తింటే రోగాలు దగ్గరికి రావంట. ఏదో ఇప్పుడే కనుక్కున్నట్టు ఎంత సంబరమో! నాకు ఒళ్లు మండింది. "చాల్లే మే, ఆ పేపరు మడిచి అవతల పెట్టు" అని కసురుకున్నా. పాపం, దానికేం తెలుసు. మా అక్క సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మాట. ముద్దనూరు దగ్గర మాది మెట్ట సేద్యం. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం సంగటి, రాత్రికి కొర్రన్నం. అందులోకి గోగాకో, సిర్రాకో, చేలో ఏది దొరికితే ఆ ఆకు. వరిబువ్వ అంటే పండగకు, లేదంటే చుట్టాలొస్తే. దినమూ వరిబువ్వ తినేవాళ్లంటే మాకు శానా గొప్ప.

అక్కను పులివెందుల పక్క ఇచ్చినారు. తొలి కాన్పుకు ఏడో నెలలో ఇంటికి తెచ్చుకున్నాం. నాయన బండి కట్టుకుని ప్రొద్దుటూరు పోయి, మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యం మూట తెచ్చినాడు. బర్రెకని తవుడు వేరే సంచిలో కట్టించుకున్నాడు. "నా బిడ్డ పుట్టింట్లో సంగటి తినిందనే మాట రాగూడదు" అన్నాడు. ఆ బియ్యం అక్కకు ఒక్కదానికే. మేమంతా మామూలుగా కొర్రన్నమే. అక్క సిగ్గుపడి, అమ్మ చూడకుండా నా నోట్లో ఒక ముద్ద పెట్టేది.

కాన్పు సులువుగానే అయింది. మగబిడ్డ. ఆ పొద్దు నుంచి పథ్యం మొదలు. మా తట్టు బాలింతకు ఆకు పెట్టరు, పప్పు పెట్టరు, కాయ పెట్టరు. ఆకు తింటే బిడ్డకు పచ్చవిరేచనాలు, పప్పు తింటే వాయువు, మజ్జిగ తాగితే జలుబు. ఇదంతా ఎవరు చూసినారో, ఎవరు చెప్పినారో ఆ దేవునికే తెలియాల! అమ్మ ఆ బియ్యాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగేది. ఉడికినాక గంజి వార్చేది. ఆ కడుగు, ఆ గంజి, ఆ తవుడు అన్నీ బర్రె కుడితిలోకే పోయేవి. బర్రె నిగనిగలాడేది. అక్క తట్టలో మాత్రం తెల్లబువ్వ, వెల్లుల్లికారం, ఇంత నెయ్యి. రెండు పూటలా అదే, నెలల తరబడి అదే.

కడుపు గట్టిపడిపోయి, దొడ్డికి పోయి రావడం దానికి ఇంకో కాన్పయింది. నెత్తురు పడేది. గోడ పట్టుకుని లోపలికి వచ్చి ఏడ్చేది. "అమ్మా, ఒక్క రొట్టె ముక్క, ఇంత గోగాకు పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటా" అనేది.

"నోర్మూయి మే. నీకు బిడ్డ కావాల్నా, నోటి రుచి కావాల్నా?" అని అమ్మ గదమాయించేది. అక్క అడగడం మానేసింది.

తర్వాత కాళ్లలో చీమలు పారుతున్నాయనింది. పాదాలు ఉబ్బినాయి. వేలితో నొక్కితే గుంట పడి, శానాసేపు అట్లే ఉండేది. నీళ్లు ఎక్కువ తాగినావని అమ్మ నీళ్లు కూడా తగ్గించింది.

బిడ్డ ఏడుపు మారింది. నోరు తెరిచేవాడు, మొహం కందిపోయేది, గొంతు మాత్రం పెగిలేది కాదు. తాగిన పాలు కక్కేవాడు. దిష్టి అని ఎర్రనీళ్లు తీసి పోసినారు. మసీదు కాడ తాయెత్తు కట్టించినారు. ఒక పొద్దున అక్క ఒళ్లో పాలు తాగుతానే నీలంగా అయిపోయి, ఆగిపోయినాడు.

పరామర్శకొచ్చిన ఆడోళ్లు గడప దాటకముందే మొదలుపెట్టినారు. "యాడో దొంగతనంగా ఆకు తినింటాది." థూ! ఏం నోళ్లో అవి! అమ్మ కూడా అక్క మొహంలోకి చూసి అడిగింది, "నిజం చెప్పు, తింటివా?" "లేదమ్మా, నా బిడ్డ మీద ఒట్టు" అనింది అక్క. ఒట్టు పెట్టేదానికి బిడ్డ యాడుండాడు?

మరుసటి పొద్దు అక్క లేవలేకపోయింది. జమ్మలమడుగు ఆసుపత్రికి బండిలో తీసుకుపోయినాం. డాక్టరమ్మ కాళ్లు నొక్కి చూసి, "ఏం పెడుతున్నారమ్మా ఈమెకు?" అని అడిగింది.

"తెల్లబువ్వమ్మా! ప్రొద్దుటూరు మిల్లు బియ్యం. ఆకు గీకు ఏదీ ముట్టనియ్యలేదు" అని అమ్మ గర్వంగానే చెప్పింది.

డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. గింజ మీది సత్తువంతా తవుడులో పోయిందని, మిగిలిన కాస్తా కడుగులో, గంజిలో పోయిందని. పప్పు లేదు, ఆకు లేదు, కడుపు కదిలేదానికి పీచు లేదు. తల్లి ఒంట్లో లేనిది పాలలోకి యాడ నుంచి వస్తుంది, అందుకే బిడ్డ దక్కలేదు అనింది.

"ఆకు తింటే గదమ్మా బిడ్డ చచ్చేది?" అనింది అమ్మ.

"ఆకు తింటే ఏ బిడ్డా చావదమ్మా."

అప్పుడు అమ్మ నోటి నుంచే అసలు సంగతి బయటపడింది. అక్క కంటే ముందు అమ్మకొక కొడుకు పుట్టినాడంట. బాలింతగా ఉన్నప్పుడు ఆకలికి ఆగలేక ఇంత సిర్రాకు తినిందంట. ఆ బిడ్డ జ్వరమొచ్చి పోతే, బిడ్డను మింగినదానా అని నాయనను కన్న మా జేజి బతికినన్నాళ్లూ అనిందంట. అమ్మ మీద నాకు చెప్పలేనంత కోపం, అంతకు మించి జాలి. రెండూ ఇప్పటికీ అట్లే ఉండాయి.

సూదులు వేసినారు. సంగటి, పప్పు, సిర్రాకు పెట్టమన్నారు, పెట్టినాం. అక్కకు వాపు తీసింది, కడుపు సులువైంది, మొహంలో నెత్తురు కనిపించింది. దాంతో పాటు పాలు కూడా చేపుకొచ్చినాయి. రైకలు తడిసిపోయేవి. రొమ్ములు రాళ్లయిపోయి నొప్పికి మూలిగేది.

మా తట్టు పాలు ఆగాలంటే మల్లెపూలు కడతారు. అమ్మ బజారుకు పోయి పూలు తెచ్చింది. పొట్లం చూసి పక్క మంచం ఆమె "ఏం పండగమ్మా?" అని నవ్వింది. అమ్మ అక్క రైక విప్పి, రొమ్ముల మీద పూలు పరిచి, పాత చీర చించి చుట్టింది.

"అమ్మా, ఇప్పుడీ పాలు మంచివే గదా?" అని అడిగింది అక్క.

"మంచివే మే" అనింది అమ్మ, ముడి బిగిస్తా.