బస్సెక్కని కూతురు

వీధిలో ఆమెను చిటపటమ్మ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. కోపమొచ్చిన రోజు ఆమె మిషను తొక్కే చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. బడిపిల్లల యూనిఫాంలన్నీ ఆమే కుడుతుంది. ఏ పిల్ల నడుము సన్నమో, ఏ పిల్లాడు సెలవుల్లో పొడుగయ్యాడో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. ఆ పిల్లల్ని బస్సులో బడికి చేర్చేది ఆమె మొగుడు.

ఈమధ్య మిషను రోజూ గట్టిగానే మోగుతోంది. ఒక ఉదయం స్నానాలగదిలో గడ్డం గీసుకుంటున్న మొగుడు దబ్బున పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నోటి వెంట నురగ. తేరుకున్నాక "ఎండదెబ్బ" అన్నాడు. స్నానాలగదిలోకి ఎండ ఎలా వచ్చిందో ఆ మహానుభావుడికే తెలియాలి! మరోసారి కంచం ముందే పడిపోయాడు. మూర్ఛ ఉన్నవాడికి బస్సు నడిపే లైసెన్సు ఇవ్వరు. అందుకే ఎవరికీ చెప్పనని ఆమె చేత కూతురి మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి కూతుర్ని మాత్రం బస్సెక్కనివ్వలేదు. "నడిస్తే కాళ్లకు బలం" అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఆమె కూడా వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది.

డాక్టరు కళ్లు చూశాడు, చెవులు చూశాడు. "మూర్ఛలు, స్పృహ తప్పడం లాంటివేమైనా ఉన్నాయా?"

"అబ్బే, గుండ్రాయిలా ఉన్నానండీ" అన్నాడు మొగుడు.

డాక్టరు సంతకానికి పెన్ను తీశాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పనని ఒట్టు వేసింది గానీ, అడగనని వేయలేదు కదా!

"అయితే రేపటి నుంచి మన పిల్లను కూడా నీ బస్సులోనే ఎక్కించుకోవయ్యా."

"వద్దు!" అనేశాడు అతను, ఆలోచించకుండానే.

"ఎందుకొద్దు? నీ కూతురొక్కతేనా పిల్ల? మిగతావాళ్లు బస్తాలా? ఒక్కొక్కళ్ల కొలతా నా వేళ్ల మీదుందయ్యా!"

"నోర్ముయ్యవే! బస్సు పోతే ఏం తింటాం?"

"గడ్డి తినే కన్నా పస్తులుండటం నయం!"

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "ఎన్నిసార్లు వచ్చింది?" అని అతన్నే అడిగాడు.

"రెండుసార్లండీ" అన్నాడతను.

ఆ సాయంత్రం కూడా మిషను గట్టిగానే మోగింది.

మర్నాడు పొద్దున్న వీధి మలుపులో బస్సు ఆగింది. స్టీరింగు ముందు ఎవరో కొత్త డ్రైవరు. మొగుడు కూతుర్ని స్వయంగా ఎత్తి బస్సు మెట్టు ఎక్కించాడు.