మూడో గడి

నయా రాయపూర్‌లో తల్లీబిడ్డల మరణాల మీద సదస్సు పెడితే, బీర్‌గావ్ ఆరోగ్య కేంద్రం నుంచి నర్సుగా నన్ను పంపారు. మెడలో కార్డు వేసుకుని వెనక వరుసలో కూర్చున్నాను.

ఒక పెద్ద డాక్టరు తెర మీద పట్టిక చూపించారు. బాలింత గానీ గర్భిణి గానీ చనిపోయినప్పుడు మేం నింపే ఫారంలో మూడు గడులుంటాయి. ఇంట్లోవాళ్లు ఆలస్యం చేశారా, దారిలో ఆలస్యమైందా, ఆసుపత్రిలో ఆలస్యమైందా అని. తెర మీద మొదటి గడిదే పొడుగాటి గీత.

"కుటుంబాల్లో అవగాహన లేదు," అన్నారాయన హిందీలో. అందరూ రాసుకున్నారు.

ఆ గీతలో నా ఫారం కూడా ఉంది.

ఆ ఫారంలోని అమ్మాయిది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త ఫ్యాక్టరీ కూలీ. ఎనిమిదో నెలలో మొహమంతా వాచి వచ్చింది. బీపీ చూసి హడలిపోయి, వెంటనే పెద్దాసుపత్రికి చీటీ రాశాను. అత్తగారు అటునుంచటే ఆటో ఎక్కించింది. అక్కడ మంచం ఖాళీ లేదన్నారు. ఇంకోచోటికి పొమ్మన్నారు. ఆ ఇంకోచోట వరండాలోనే ఫిట్స్ వచ్చి, కడుపులో బిడ్డతో సహా పోయింది.

నేను మూడో గడిలోనే టిక్కు పెట్టాను. పై అధికారి ఫారం తిప్పి పంపాడు. "ఏ ఆసుపత్రి ఒప్పుకుంటుంది సిస్టర్? మొదటి దాంట్లో పెట్టండి. లేకపోతే విచారణకి మీరే తిరగాలి," అన్నాడు. మార్చి సంతకం పెట్టాను.

ఇప్పుడు హాల్లో లేచి నిలబడ్డాను. "సర్, అందులో ఒక ఫారం తప్పు."

"ఎవరు నింపింది?"

"నేనే."

ఎవరో నవ్వారు. "నింపేటప్పుడే జాగ్రత్త పడాలి సిస్టర్," అని ఆయన తర్వాతి పట్టికకు వెళ్లిపోయారు.

మర్నాడు ఆ అత్తగారింటికి వెళ్లాను. వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"కోడలు పోయినాక ఆస్పత్రోళ్లు మీటింగుకి పిలిచి ఆ కాయితం చదివి ఇనిపించినారు సిస్టరమ్మా. ఇంటోళ్లే లేటు చేసినారని ఉందట. ఆ దినం కాడ్నుంచి నా కొడుకు నాతో మాటాడ్డు. నానే లేటు చేసీసినానేటో అనుకుంటన్నాను."

"మీరు నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదమ్మా."

"మరి ఆ ముక్క అప్పుడే ఎందుకు రాయనేదు తల్లీ?"

కొడుకు డ్యూటీ నుంచి వచ్చేదాకా కూర్చుని అతనికీ చెప్పాను. నిలబడే విన్నాడు. "అప్పుడు అలా రాసినారు, ఇప్పుడిలా చెప్తన్నారు. ఏది నమ్మమంటారు?" అని లోపలికి పోయాడు.

ఫారం సరిదిద్దమని అర్జీ పెట్టాను. ఆ ఏటి నివేదిక అచ్చయిపోయింది, మార్చడం కుదరదని జవాబు వచ్చింది. ఆ అత్తగారి వీధిలో పిల్లలకు టీకాలు వెయ్యాలంటే ఇప్పటికీ నేను వెళ్లను, వేరే సిస్టర్ని పంపుతాను.